దసరాకు నెల ముందు

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో దసరా నాడు పాలపిట్టను చూసి, జమ్మి దగ్గరికి వెళ్లి, ఆకు తెచ్చి ‘బంగారం’ అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. ఆ జమ్మినే రాజస్థాన్‌లో ఖేజ్రీ అంటారు. అక్కడ 1983 నుంచి, మన దగ్గర 2014 నుంచి అది రాష్ట్ర వృక్షం. సోలార్ ప్లాంట్ల కోసం ఖేజ్రీలను కొట్టేస్తున్నారని బికనేర్ వైపు బిష్ణోయిలు (చెట్టును, జంతువును కాపాడటం ధర్మంగా పాటించే ఒక మతశాఖ వాళ్లు) కొన్నేళ్లుగా ధర్నాలు చేస్తున్నారు. ఒక చెట్టుకు ఇంత పంతమా అనిపిస్తే 1730 దాకా వెనక్కి పోవాలి.

అప్పుడు జోధ్‌పూర్ రాజు అభయ్ సింగ్. కోట పనులకు సున్నం కావాలి, సున్నం బట్టీకి కట్టె కావాలి. ఎడారిలో కట్టె ఎక్కడిది? పట్నానికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న బిష్ణోయిల ఊరు ఖేజడ్లీ మీద దివాన్ గిరిధర్ భండారీ కన్ను పడింది. గొడ్డళ్లు పట్టుకుని మనుషులొస్తే అమృతాదేవి అనే ఇల్లాలు చెట్టును కావలించుకుని నిలబడింది. తల పోయి చెట్టు దక్కినా చవకే అన్నదని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమెను నరికారు. తర్వాత ముగ్గురు కూతుళ్లను. కబురు పాకి 83 ఊళ్ల నుంచి జనం వచ్చి చెట్లకు అడ్డం పడ్డారు. మొత్తం 363 మంది పోయారు. చివరికి రాజే దిగొచ్చి, బిష్ణోయిల ఊళ్లలో చెట్టు కొట్టొద్దు, వేటాడొద్దు అని తామ్రపత్రం రాసిచ్చాడు.

ఆ రోజు భాద్రపద శుద్ధ దశమి. మన విజయదశమికి సరిగ్గా నెల ముందు.

ఆ తెగింపు ఒక్కరోజులో వచ్చింది కాదు. 1485లో బిష్ణోయిల గురువు జాంభోజీ పెట్టిన 29 నియమాల్లో పచ్చని చెట్టు నరకొద్దన్నది ఒకటి. ఇరవై, తొమ్మిది కలిపి ‘బీస్-నౌ’, దాన్నుంచే బిష్ణోయి అంటారు. కట్టె దండగని శవాన్ని కూడా కాల్చరు, పూడుస్తారు. ఇందులో భక్తి ఎంతో బతుకు లెక్క కూడా అంతే. వాన సరిగా పడని నేలలో ఖేజ్రీ వేరు లోతుకు దిగి నిలబడుతుంది. దాని ఆకు ఒంటెకూ మేకకూ మేత, కాయ మనిషికి కూర. కింద సజ్జ పండుతుంది, ఎందుకంటే ఆ వేళ్లు నేలకు నత్రజని ఇస్తాయి.

మన దగ్గర జమ్మి పేరు చెప్పగానే పాండవుల ఆయుధాలు గుర్తొస్తాయి, మేత, కూర గుర్తురావు. హనుమకొండ కాలనీల్లో చాలాచోట్ల పూజకు చెట్టే లేదు. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన కొమ్మను గద్దె దగ్గర పాతుతారు. చీకటి పడేసరికి దానికి ఒక్క ఆకూ మిగలదు.