వాకిట్లో ముగ్గు, ముఖానికి రంగు

చిన్నారి మనవరాలికి, నీతో కలిసి గోపికల నాట్యం చేసిన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ బడి వార్షికోత్సవం ఫొటో చేరింది. దాని కింద నువ్వు రాసిన ప్రశ్న కూడా చదివాను. "తాతయ్యా, ముఖం ఒకరిది, మెడ ఇంకొకరిది లాగా ఉంది. అద్దంలో బాగానే ఉన్నాను కదా, ఫొటోలో ఎందుకిలా వచ్చింది?" అని అడిగావు. ఆ ప్రశ్న మూడు రోజులుగా నాతోనే తిరుగుతోంది. ఈ ఉదయం అరుగు మీద కూర్చుని మీ నాయనమ్మ ముగ్గు వేయడం చూస్తుంటే జవాబు నా కళ్లముందే కనిపించింది.

ఇక్కడ ధనుర్మాసం కదా, తెల్లవారకముందే వాకిలి పని మొదలవుతుంది. నాయనమ్మ ముందు శుభ్రంగా ఊడ్చింది. తరవాత కల్లాపి చల్లింది. వెంటనే ముగ్గు గిన్నె అందుకోలేదు. లోపలికి వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చింది. తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే ముగ్గు పెట్టాలి. మరీ తడిగా ఉంటే పిండి కరిగి పాకిపోతుంది, పూర్తిగా ఆరిపోతే గాలికి లేచిపోతుంది. ముఖం సంగతీ అంతే. ముందు కడుక్కోవాలి. తరవాత కొంచెం క్రీము రాసుకోవాలి. అది చర్మంలోకి ఇంకేదాకా ఐదారు నిమిషాలు ఓపిక పట్టాలి. తొందరపడి రంగు పూస్తే జారుతుంది, పొడి చర్మం మీద పూస్తే పొరలు పొరలుగా లేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. కల్లాపి ఏ రంగులో ఉంటుంది? ఇంచుమించు నేల రంగులోనే ఉంటుంది. అది నేలను దాచదు. దుమ్మును అణచి, మచ్చలను సర్ది, నేలంతా ఒక్కలాగా కనిపించేటట్టు చేస్తుంది. మీకు ముందుగా పూసిన ఫౌండేషన్ చేయవలసిన పని అదే. అది నీ చర్మం రంగులోనే ఉండాలి. నీకు పూసింది నీ రంగు కంటే రెండు మూడు మెట్లు తెల్లనిది. పైగా గడ్డం దగ్గర ఆపేశారు. వాకిలి సగం వరకే కల్లాపి చల్లినట్టయింది.

ఒక్క మాట ఆలోచించు. వాకిలంతా తెల్లటి సున్నం పోసి, దాని మీద తెల్లటి ముగ్గు వేస్తే ఏం కనిపిస్తుంది? నేల నల్లగా ఉండబట్టే కదా ముగ్గు అంతలా మెరిసేది! చామనఛాయ ముఖం మీద కాటుక, పెదవి ఎరుపు, ముక్కుపుడక మెరుపు ఎంత నిండుగా ఉంటాయో చూడాలంటే మీ నాయనమ్మ పెళ్లి ఫొటో చూడు. ద్రౌపదికి కృష్ణ అనే పేరు వచ్చింది ఆమె మేని రంగు వల్లనే. ఆమె కోసం రాజులందరూ స్వయంవరానికి తరలివచ్చారు. నిన్ను తెల్లగా చేస్తేనే అందంగా ఉంటావని ఎవరైనా అంటే, ఎంత పెద్దవాళ్లు అన్నా సరే, ఆ మాట నమ్మకు.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఊళ్లో హరిశ్చంద్ర నాటకం ఆడారు. నేను లోహితాస్యుణ్ణి. రంగులు వేయవలసిన పెద్దాయన రాలేదు. నాటకంలోని ఒకాయన నా ముఖానికి జింకు పొడి కొబ్బరినూనెలో కలిపి దట్టంగా పూశాడు. ముఖం పున్నమి చంద్రుడిలా ఉంది, చేతులూ మెడా ఎండలో తిరిగిన పిల్లవాడివి. వేదిక మీదికి వెళ్లాను. మా అమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను నేరుగా చూస్తూనే పక్కావిడను అడిగింది, "మా వాడు ఎప్పుడు వస్తాడమ్మా?" అని. ఆ మాట నాకు వినిపించింది. నాటకంలో పాము కరవకముందే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు రాత్రి మళ్లీ ఆట. ఆ పెద్దాయన వచ్చాడు. నన్ను పెట్రోమాక్స్ లైటు ముందు పీట మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపు ఏమీ పూయలేదు. తరవాత ఎడమ అరచేతిలో చిటికెడు తెల్లపొడి, పసుప్పచ్చ మట్టిరంగు, జేగురు అనే ఎర్రమట్టి వేసుకుని రెండు చుక్కల నూనెతో బొటనవేలితో నూరాడు. ఆ అరచేతిని నా మెడకు ఆనించి పోల్చుకున్నాడు. కొంచెం జేగురు కలిపాడు. మళ్లీ పోల్చాడు. ఇలా నాలుగుసార్లు. చివరికి అరచేతిలో ఉన్న రంగు ఏదో, నా మెడ ఏదో తెలియనంతగా కలిసిపోయింది. "ఇదిరా నీ రంగు" అన్నాడు. అది పూసి, చెవులకూ మెడకూ చేతులకూ కూడా అందించి, ఇరవై అడుగులు వెనక్కి నడిచి కళ్లు చికిలించి చూశాడు. ఆ రాత్రి మా అమ్మ నన్ను చూడగానే నవ్వింది.

మీకు అరచేతిలో నూరుకోవలసిన పని లేదు, దుకాణంలో డజన్ల రంగులు సీసాల్లో దొరుకుతాయి. ఎంచుకునే పద్ధతి మాత్రం ఆ పెద్దాయనదే. నీ రంగుకు దగ్గరగా ఉన్నవి మూడు తీసుకుని దవడ అంచున, మెడకు ఆనుకుని మూడు చిన్న గీతలు గీయించుకో. చేతి మీద కాదు, చేతి రంగు వేరు. దుకాణం దీపాల కింద చూడవద్దు, గుమ్మం బయటికి వచ్చి పగటి వెలుతురులో చూడు. పది నిమిషాలు ఆగు, కొన్ని ఆరాక కాస్త ముదురుతాయి. ఆ మూడింటిలో ఏ గీత కనిపించకుండా పోతుందో అదే నీది.

పూసేటప్పుడు మళ్లీ ముగ్గే గుర్తు తెచ్చుకో. నాయనమ్మ ముందు చుక్కలు పెట్టి తరవాత కలుపుతుంది. నువ్వూ నుదుటి మీద, ముక్కు మీద, రెండు చెంపల మీద, గడ్డం మీద ఒక్కొక్క చుక్క పెట్టుకో. తడి స్పాంజితో అద్దుతూ వాటిని కలుపుకుంటూ పో. రుద్దితే చారలు పడతాయి. ముగ్గు మీద చీపురు ఆడించరు కదా! చుక్కలు కలిశాక గీతలు, అంటే కనుబొమలు, కాటుక. గీతల తరవాత రంగులు నింపడం, అంటే చెంపలు, పెదవులు. నవ్వినప్పుడు చెంప ఎక్కడ పైకి లేస్తుందో అక్కడ మొదలుపెట్టి చెవి వైపు పలచబరచాలి. ముగ్గు మధ్యలో గొబ్బెమ్మ ఎలాగో, నుదుట బొట్టు అలాగ. నాట్యానికి అరచేతులకూ పాదాలకూ పెట్టే పారాణి గడపకు పూసే పసుపు లాంటిది, అది లేకపోతే ఇల్లు పూర్తి కాదు.

కళ్ల విషయంలో కొంచెం ఆగి చెప్పాలి. కూచిపూడిలో కాటుక గీతను కంటి చివరి నుంచి బయటికి లాగుతారు. వెనక వరసలో కూర్చున్నవారికి కన్ను అందాలని అలా చేస్తారు. నాట్యంలో సగం మాట కన్నే చెప్తుంది మరి. మగవాళ్లే ఆడవేషాలు వేసిన రోజుల్లో ఆ కళ్ల కోసమే జనం దూరాల నుంచి వచ్చేవారు. కూచిపూడి సత్యభామగా పేరు పొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారు, నాటకాల్లో స్త్రీ పాత్రలకు ప్రసిద్ధులైన స్థానం నరసింహారావు గారు పురుషులంటే, తెలియనివారు నమ్మేవారు కాదు. స్థానం వారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. వారి ముఖం మీద రంగు ఉండేది, నిజమే. ఆ రంగు వెనక ఏళ్ల తరబడి ఆడవాళ్ల చూపును, నడకను గమనించిన ఓపిక ఉండేది. ఆ ఓపికను ఏ డబ్బాలోనూ అమ్మరు.

ఇక అద్దంలో బాగున్న ముఖం ఫొటోలో ఎందుకు పాలిపోయిందంటే, ఆ తప్పు కొంత వెలుతురుది. పౌడర్లలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వంటి తెల్లని పొడులు కలుపుతారు. ఫోను ఫ్లాష్ ఒక్కసారిగా ముఖం మీద పడినప్పుడు ఆ పొడి వెలుతురును తిరిగి కెమెరాకే కొడుతుంది. మెడ మీద పొడి లేదు కాబట్టి మెడ మెడలాగే వచ్చింది. వేదిక మీద రంగు దీపాలు ఇంకా చిత్రం చేస్తాయి. దీన్ని నేను వివరించడం కంటే నువ్వే చూడు. తెల్ల కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక బొట్టు పెట్టు. ఎర్రటి పారదర్శక కాగితాన్ని కళ్లకు అడ్డం పెట్టుకుని చూస్తే బొట్టు మాయమవుతుంది. ఆకుపచ్చ కాగితంలోంచి చూస్తే అదే బొట్టు నల్లబడుతుంది. మీ నాట్యంలో ఎర్ర దీపం వేసినప్పుడు మీ పెదవుల ఎరుపు ఏమైపోయిందో అప్పుడు తెలుస్తుంది. అందుకే, ఏ దీపాల కింద ఆడతారో ఆ దీపాల కిందే ముందురోజు ముఖం చూసుకోవాలి. ఆ పెద్దాయన నన్ను పెట్రోమాక్స్ లైటు ముందు కూర్చోబెట్టింది కూడా అందుకే.

పూర్వీకులు ఇదంతా ఎంత శ్రద్ధగా ఆలోచించారో ఒక్కటి చెప్తాను. నాట్యశాస్త్రంలో ముఖానికి రంగులు కలపడం గురించి ఉంది. తెలుపు, నీలం, పసుపు, ఎరుపు, ఈ నాలుగే మూలరంగులు. తెలుపు, ఎరుపు కలిస్తే తామరపువ్వు రంగు. పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ. గౌరవర్ణం దేనితో వస్తుందో ఊహించు. తెలుపుతో అనుకుంటావు. కాదు! ఎరుపు, పసుపు కలిస్తే గౌరవర్ణం. ఆ మాట చదివిన రోజున నాకు ఆ పెద్దాయన అరచేతిలోని జేగురు గుర్తొచ్చి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

పాతకాలంలో అన్నీ మంచివే అనుకోవద్దు. ముఖానికి పసుపురంగు కోసం అర్దళం, ఎరుపు కోసం ఇంగిలీకం వాడేవారు. మొదటిదానిలో ఆర్సెనిక్, రెండోదానిలో పాదరసం ఉంటాయి. అవి విషాలు. పాత పెట్టెల్లో దొరికినా ముట్టుకోవద్దు. కొత్తదేదైనా వాడే ముందురోజు మోచేతి లోపలివైపు కొంచెం రాసి చూడాలి, దురద పుడితే అది నీకు పడదు. కాటుక పెన్సిలు ఎంత ప్రాణ స్నేహితురాలిదైనా పంచుకోవద్దు, కంటి జబ్బులు అలాగే అంటుకుంటాయి. ఆట అయ్యాక ఎంత నిద్ర వచ్చినా కొబ్బరినూనెతో రంగు తుడిచి ముఖం కడిగాకే పడుకోవాలి. నాయనమ్మ కూడా నిన్నటి ముగ్గు మీద కొత్త ముగ్గు వేయదు.

ఇంత దూరం ముగ్గును పట్టుకునే వచ్చాను. ఒక్కచోట అది చాలదు. వాకిలి సమంగా ఉంటుంది, ముఖం అలా ఉండదు. ముఖంలో గుట్టలు, లోయలు ఉన్నాయి. ముక్కు పక్కన కాస్త ముదురు రంగు అద్దితే ముక్కు సన్నగా తేలుతుంది, చెంప ఎముక మీద లేతరంగు పెడితే అది ముందుకు వస్తుంది. ఎంత అద్దాలి, ఎక్కడ ఆపాలి అని అడిగితే నేను చెప్పలేను. ముఖం ముఖానికీ అది మారుతుంది. నిజానికి ఏ ముఖమైనా ఒకే రంగులో ఉండదు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అందుకని ఒక పని చెయ్యి. రేపు ఆదివారం కదా, పొద్దున్నే లే. ఎండ పడే వైపు కిటికీ దగ్గర మీ అమ్మను కూర్చోబెట్టు. రంగులేవీ వద్దు, కడిగిన ముఖం చాలు. కనురెప్ప మీద ఒక రంగు, పెదవుల చుట్టూ ఇంకొకటి, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట మరొకటి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. తరవాత అమ్మను కొంచెం పక్కకు తిరగమని, సూర్యుడు చెవి వెనక్కి వచ్చేటట్టు నువ్వు నిలబడు. చెవి తమ్మెలోంచి వెలుతురు ఇటు వచ్చినప్పుడు అది ఏ రంగులో ఉందో నాకు రాయి.

ప్రేమతో,
తాతయ్య