ఇఫ్ వాక్యాల్లో టెన్స్: అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లలకు ఇంగ్లిష్ చెబుతుంటాను. మిగతా గ్రామర్ బాగానే పట్టుకున్నవాళ్లు కూడా ఇఫ్ వచ్చేసరికి టెన్షన్ పడతారు. స్కూల్లో బట్టీ పట్టిన సూత్రాలే చాలామందికి అడ్డం.

అపోహ: పాస్ట్ టెన్స్ ఉందంటే అది జరిగిపోయిన సంగతే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. "ఇఫ్ ఐ హ్యాడ్ ఎ బైక్, ఐ వుడ్ రైడ్ టు హైటెక్ సిటీ." ఈ హ్యాడ్ నిన్నటిది కాదు, ఇప్పుడు బైక్ లేదని చెబుతోంది. విషయం నిజం కాదని, లేదా ఊహ మాత్రమేనని చెప్పడానికీ ఇంగ్లిష్ పాస్ట్ టెన్స్‌నే వాడుకుంటుంది. "ఇఫ్ ఐ గెట్ ద జాబ్, ఐ విల్ మూవ్ టు మియాపూర్" అంటే ఉద్యోగం వచ్చే అవకాశం బాగానే ఉంది. "ఇఫ్ ఐ గాట్ ద జాబ్, ఐ వుడ్ మూవ్" అంటే వస్తుందో రాదో, ఊరికే అనుకుంటున్నాం. రెండూ రాబోయే రోజుల మాటలే. తెలుగులో రెండు చోట్లా "ఉద్యోగం వస్తే" అంటాం కాబట్టి మనకు ఈ తేడా చటుక్కున తట్టదు. ఇంటర్వ్యూలో "ఇఫ్ వి ఆఫర్డ్ యూ ఎ నైట్ షిఫ్ట్, వుడ్ యూ టేక్ ఇట్?" అని అడిగితే ఇంకా ఏదీ ఇవ్వలేదని అర్థం. ఇష్టమైతే "యెస్, ఐ వుడ్" అనండి, చాలు.

అపోహ: రేపటి సంగతైతే ఇఫ్ పక్కన విల్ ఉండాలి.

వాస్తవం: "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, ఐ విల్ టేక్ ద మెట్రో." విల్ రెండో సగంలోనే. అయితే "ఇఫ్ యూ విల్ వెయిట్ హియర్, ఐ విల్ కాల్ హిమ్" తప్పు కాదు. అక్కడ విల్ భవిష్యత్తును చెప్పడం లేదు, కాస్త ఆగుతారా అని మర్యాదగా అడుగుతోంది.

అపోహ: జరిగిపోయినదాని గురించైతే రెండు సగాల్లోనూ వుడ్ హావ్.

వాస్తవం: "ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" అని అమెరికన్ల నోట వినిపిస్తుంది, కానీ పరీక్షలో, ఆఫీసు మెయిల్‌లో తప్పుగానే చూస్తారు. "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హావ్ కమ్" అని రాయండి.

అపోహ: స్కూల్లో ఇఫ్ వాక్యాలను టైపు 1, 2, 3 అని విడదీసి చెబుతారు కదా, ఒక టైపును ఇంకో టైపుతో కలపకూడదు.

వాస్తవం: కలపొచ్చు. "ఇఫ్ ఐ హ్యాడ్ లర్న్‌డ్ జావా దెన్, ఐ వుడ్ హావ్ ఎ జాబ్ నౌ." నేర్చుకోకపోవడం అప్పటిది, ఉద్యోగం లేకపోవడం ఇప్పటిది. ఏ సగం ఏ కాలానిదో చూసుకుంటే టైపు నంబరు గుర్తు లేకపోయినా ఫర్వాలేదు.

ఇక "ఇఫ్ ఐ వాజ్" తప్పా అని తరచూ అడుగుతారు. మాటల్లో తప్పేమీ లేదు. రాతలో మాత్రం, నిజం కాని ఊహ చెప్పేటప్పుడు వాజ్ కన్నా వర్ మేలు. "ఇఫ్ ఐ వర్ యూ" అని సలహా ఇచ్చేటప్పుడు మాటల్లో కూడా వర్‌నే ఉంచుకోండి.