ఇంటి కంచెకు బందారు

రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు వెళ్తే గుట్టల మీద గడ్డి మాడిపోయి ఉంటుంది. ఆ ఎర్రమట్టిలో, రాళ్ల సందుల్లో పచ్చగా నిలబడే పొద బందారు. గొడ్ల వెంట తిరిగినవాళ్లకి బాగా తెలిసిన మొక్కే. కాలు బెణికితే దీని ఆకు వేడిచేసి కట్టేవాళ్లు. ఇంటి ముందు మాత్రం పెంచరు. వేసవిలో ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే ఊళ్లలో కూడా, రోజూ తడపాల్సిన నర్సరీ మొక్కలనే కంచెగా వేస్తున్నారు. అది చూస్తే బాధగా ఉంటుంది.

బందారు లేత కొమ్మను వేళ్లతో పట్టుకుంటే జిగురుగా అంటుకుంటుంది. ఆకు వార్నిష్ పూసినట్టు మెరుస్తుంది. లేత ఆకుల మీదుండే సన్నటి గ్రంథుల్లోంచి ఊరే బంక అది. ఆ పూత వల్ల ఆకులోని తడి తొందరగా ఆవిరైపోదు, మీద పడిన ఎండ కూడా కొంత వెనక్కి పోతుంది. ఆ జిగురు ఆకును మేకలు కూడా పెద్దగా ముట్టవు.

పూలకి రేకులుండవు, పుప్పొడిని గాలే మోస్తుంది. చాలావరకు మగపూలు ఒక మొక్కకీ ఆడపూలు ఇంకో మొక్కకీ వస్తాయి. అందుకే నాలుగైదు కలిపి నాటుకోవాలి. కుంకుడు కుటుంబానిదే అయినా దీని కాయ వేరు: కాగితమంత పలచటి రెక్కలు, సాధారణంగా మూడు. లేతగా ఉన్నప్పుడు ఆకుపచ్చగా ఉండి, ముదిరేకొద్దీ ఎరుపెక్కుతాయి. గుత్తులు గుత్తులుగా ఉన్నప్పుడు పూలకన్నా కాయలే అందం.

గింజ పెంకు గట్టిది, నీళ్లు లోపలికి పోనివ్వదు. మరిగించి దించిన నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి, తర్వాత రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. ఉబ్బిన గింజలనే కవర్లలో వేసుకోండి.

నెల్లూరు జిల్లాలో కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. కాబట్టి నాటడానికి అక్టోబరే మంచి అదును. కంచెకైతే మొక్కకీ మొక్కకీ రెండు మూడు అడుగులు చాలు. మొదటి వేసవిలో అప్పుడప్పుడూ తడిపితే, వేరు లోతుకి దిగాక వానే సరిపోతుంది. ఎరువు పని లేదు. నీళ్లు నిలిచే నల్లరేగడిలో మాత్రం వేరు కుళ్లుతుంది, అక్కడ కట్ట పోసి నాటాలి.

కొండమీది పొదల్ని పీక్కురావద్దు. ఆ వాలులో మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది వాటి వేళ్లే. బీడు గట్ల మీద ఎండిన కాయలు కోసుకుంటే చాలు.