దారం చూపిన దూరం

తిరుపతి నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద దాదాపు 560 కిలోమీటర్లు. రేణిగుంట విమానాశ్రయం నుంచి శంషాబాదుకు నేరుగా గీత గీస్తే సుమారు 420. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్ విమానం ఈ దూరాన్ని అరగంటలో దాటాలి కదా అనిపిస్తుంది గానీ, టికెట్టు మీద గంటకు పైగానే ఉంటుంది. ఆ సమయాన్ని విమానం ఇక్కడ నిలిచిన చోటు నుంచి కదిలిన నిమిషం మొదలు అక్కడ మళ్లీ ఆగి నిలబడేదాకా లెక్కిస్తారు. రన్‌వే దాకా నేల మీద సాగే మెల్లని నడక, అనుమతి కోసం ఎదురుచూపు కూడా అందులోనివే. లేచాక పైకెక్కడానికీ, తిరిగి దిగడానికీ ఎక్కువ భాగం ఖర్చయి, పూర్తి వేగంతో పోయేది కొద్దిసేపే. రెక్కలకు పంకాలుండే ఏటీఆర్ విమానమైతే దాని పూర్తి వేగమే గంటకు 500 కిలోమీటర్లు. ఢిల్లీ ఇంతకు నాలుగింతల దూరమైనా, ప్రయాణ సమయం నాలుగింతలు కాకపోవడానికి కారణం ఇదే.

దూరం పెరిగేకొద్దీ ఇంకో చిక్కు వస్తుంది. తిరుపతిలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు కొదవ లేదు గనుక, శాన్‌ఫ్రాన్సిస్కోనే తీసుకుందాం. గోడకు వేలాడే పటంలో అది సముద్రాల అవతల ఎక్కడో కనిపిస్తుంది. నేను పూలు కట్టే దారం ఒక కొస గ్లోబు మీద తిరుపతి దగ్గర అదిమిపట్టి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బిగించి లాగాను. తూర్పుగా పోతుందనుకున్న దారం ఉత్తరానికి జారిపోయింది. నేపాల్, టిబెట్, మంగోలియా, సైబీరియాల మీదుగా దాదాపు 70 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు; అంతకన్నా దగ్గరి దారి లేదు. తిరుపతి దగ్గర ఒక్క డిగ్రీ రేఖాంశం తూర్పుకు జరగాలంటే 108 కిలోమీటర్లు పోవాలి, 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర 56 చాలు. పైకి పోయి అడ్డంగా దాటడం లాభమని బిగిసిన దారానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ దగ్గరి దారినే మహావృత్త మార్గం అంటారు.

అయితే దగ్గరి దారే త్వరగా చేర్చే దారి కానక్కర్లేదు. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ ప్రవాహాలనే గాలులు చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. వాటికి ఎదురు పోయే విమానానికి నేల మీది వేగం అంత మేరకూ తగ్గుతుంది, వెంట పోయే దానికి అంతే పెరుగుతుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని పడమరగా పోయే అట్లాంటిక్ దారి మాన్పించి, తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం సుమారు 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది, సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. ఇంధనాన్ని గాలే కొంత ఆదా చేసిందన్నమాట.

ఆ నెలలో రెండు ఊళ్ల గడియారాల మధ్య తేడా పన్నెండున్నర గంటలు. టికెట్టు మీద బయలుదేరే, చేరే వేళలను మాత్రమే చూసి తీసివేత చేసేవారికి ఆ ప్రయాణమంతా రెండు గంటలే అని తేలుతుంది.