నాన్న కారులో వైర్లన్నీ ఎందుకు పీకేశానంటే

పిల్లలూ,

వేసవి సెలవుల్లో మీ నాన్న కారు బోనెట్ ఎత్తి నేను రెండు రోజులు వైర్లు పీకుతుంటే, మీరిద్దరూ వంతులు వేసుకుని టార్చిలైటు పట్టారు. "అన్నీ బాగానే వెలుగుతున్నాయి కదా తాతయ్యా, ఎందుకు పీకేస్తున్నావు?" అని అడిగారు. పనిలో ఉండి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

ఆ కారుకి ఫాగ్ ల్యాంపులు ఒక షాపులో, హారన్లు ఇంకో షాపులో, డాష్‌క్యామ్ మరో చోట బిగించారు. ఎవరికి వాళ్లు చేతికందిన తీగకి తొక్క ఒలిచి, తమ తీగ దాని చుట్టూ మెలేసి, టేపు చుట్టేశారు. ఆ జాయింటొకటి కోసి మీ అరచేతిలో పెట్టాను, గుర్తుందా? ఇంజను వేడికి టేపు జిగురు కారి బంకలా వేళ్లకి అంటుకుంది. లోపల రాగి నల్లబడి, పక్క తీగ తొక్క కూడా మెత్తబడింది. అది చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీరు రోజూ ఎక్కే కారు కదా అది.

కొంచెం లెక్క చూద్దాం. ఒక్కో ఫాగ్ ల్యాంపు 55 వాట్లు. రెండూ కలిపి 110. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 9 ఆంపియర్ల పైనే. షాపువాళ్లు వాటికి వేసింది అడ్డుకోత వైశాల్యం అర చదరపు మిల్లీమీటరే ఉన్న సన్న తీగ. 3 మీటర్ల పొడవు అలాంటి తీగలో అంత కరెంటు పారితే దాదాపు 1 వోల్టు దారిలోనే పోతుంది, 9 వాట్ల దాకా వేడి తీగలోనే పుడుతుంది. దీపం మసకబారడం సంగతి అటుంచండి, తీగే వేడెక్కిపోతుంది. నేను వేసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ నష్టం ఐదో వంతుకి తగ్గింది.

మన ఊళ్లో పెద్ద కాలువ నుంచి తూముల ద్వారా పొలాలకి నీళ్లు వదులుతారు కదా, నేను చేసింది కూడా అదే. బ్యాటరీ నుంచి ఒక లావు తీగ, దానికి బ్యాటరీకి జానెడు దూరంలోపే 30 ఆంపియర్ల ఫ్యూజు. ఆ తీగ పోయి ఆరు గడుల ఫ్యూజు బాక్సులో చేరుతుంది. అక్కడి నుంచి ఒక్కో వస్తువుకి ఒక్కో తీగ, ఒక్కో ఫ్యూజు.

ఫ్యూజు దీపాన్ని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది తీగని. ఫాగ్ ల్యాంపులకి పెట్టిన నీలం ఫ్యూజు 15 ఆంపియర్లది. అది పోయిందని ఎవరైనా 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెడితే, ఈసారి కరిగేది తీగే కావచ్చు. మీ నాన్నకి ఇది మీరు గుర్తు చేయాలి, ఆయనకి తొందరెక్కువ.

స్విచ్చుకి, దీపాలకి మధ్య రిలే పెట్టాను, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు. డాష్‌బోర్డు మీది చిన్న స్విచ్చు రిలేని మాత్రమే పలకరిస్తుంది, అసలు బరువు రిలే మోస్తుంది. డాష్‌క్యామ్‌ని తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగకి మార్చాను. ఆగి ఉన్న కారులో కూడా అది 0.3 ఆంపియర్లు తాగుతూ ఉంటే రోజుకి 7 ఆంపియర్ అవర్ల పైనే పోతుంది. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు నాలుగు రోజులకే నీరసిస్తుంది.

ఎర్తు తీగల దగ్గర ఇంకా ఎక్కువసేపు కూర్చున్నాను. బాడీ మీద రంగు గీకి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి, తీగ చివర లగ్ (బోల్టు దూరే చిల్లున్న లోహపు ముక్క) పెట్టి బోల్టు బిగించాను. రంగు మీదే బిగిస్తే ఏ దీపం ఎప్పుడు మినుకుతుందో తెలియదు. తీగలన్నీ ముడతల గొట్టంలోకి దూర్చి, ఇనుప రేకు దాటే చోట రబ్బరు వాషరు వేశాను. పదునైన అంచుకి రాసుకుని తొక్క ఊడితే షార్టే.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయడం చూశారు కదా. ఎప్పుడూ ముందు అదే తీయాలి. పాజిటివ్ ముందు విప్పబోతే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

బాక్సు మూత లోపల ఏ గడి దేనికో రాసి కాగితం అంటించాను. ఆరో గడి ఖాళీ. అందులో ఏం పెడతారో, ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వేస్తారో మీ చేతిరాతతో రాయండి.

మీ తాతయ్య