గడగడ చదివితే చదువు వచ్చినట్టేనా? చిన్న తరగతుల చదువుపై అపోహలు - వాస్తవాలు

ప్రైమరీ స్కూల్లో చిన్న తరగతులు చెప్పే ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని) నేను. పేరెంట్స్ మీటింగ్‌లో నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న "మావాడు ఎలా చదువుతున్నాడు సార్?" అని. అడిగినవాళ్లు జవాబు వినకుండానే నోట్సు తిరగేస్తారు. రాత గుండ్రంగా ఉందా, ఎర్ర పెన్నుతో 'గుడ్' అని ఉందా చూసుకుని తృప్తిగా వెళ్లిపోతారు. తనిఖీకి వచ్చేవాళ్లు కూడా చాలామంది చూసేది ఆ నోట్సే. పిల్లలకు చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మనం చూసే గుర్తులే సరైనవి కావు. అందుకే అయిదో తరగతికి వచ్చాక "వీడికి చదవడమే రాదా!" అని కంగారు పడాల్సి వస్తోంది.

అపోహ: పాఠం గడగడ అప్పజెప్పేస్తోంది, ఇక చదవడం వచ్చేసినట్టే

ఒకటో తరగతిలో టీచర్ ఒక లైను చదువుతారు, పిల్లలంతా కోరస్‌గా అంటారు. మూడు రోజులు ఇలా అనేసరికి పాఠం మొత్తం నోటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత పిల్ల పుస్తకం పట్టుకుని వేలు కదుపుతూ, రాగం తీస్తూ ఒక్క తప్పు లేకుండా చెప్పేస్తుంది. కళ్లు మాత్రం కిటికీ వైపు ఉంటాయి. ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. ఆ పిల్ల తెలివైనదే, జ్ఞాపకశక్తి గట్టిదే, కాదనను. కానీ ఆమె చేసింది చదవడం కాదు.

తెలుసుకోవడం చాలా తేలిక. పాఠం మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి "ఇదేంటి?" అని అడగండి. నోటికి వచ్చిన పిల్ల మొదటి లైన్ నుంచి మనసులో చెప్పుకుంటూ అక్కడిదాకా రావాలని చూస్తుంది, పెదాలు కదలడం మీకే కనిపిస్తుంది. లేదా చివరి లైను ముందు చదివించండి. ఇంకా నమ్మకంగా తేల్చుకోవాలంటే అవే పదాలతో పుస్తకంలో లేని రెండు వాక్యాలు కాగితం మీద రాసి ఇవ్వండి. చదివాక "ఎవరు వెళ్లారు? ఎందుకు వెళ్లారు?" అని అడగండి. ఈ నాలుగూ కలిపి అయిదు నిమిషాల పని. మూడు నెలల నోట్సు చెప్పలేనిది ఈ అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక వేగం సంగతి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో 3వ తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. ఇందులో 'అర్థం చేసుకుంటూ' అన్న మాటను వదిలేసి కొందరు సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నారు. పైగా తెలుగు పదం పొడుగు. 'వెళ్లిపోతున్నారు' మనకు ఒక్క పదం. ఇదే మాటకు హిందీ పిల్లవాడు మూడు నాలుగు చిన్న పదాలు చదువుతాడు. ఇద్దరినీ ఒకే లెక్కతో కొలవడం న్యాయం కాదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ చేసిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీలో (పునాది చదువుపై అధ్యయనంలో) భాషకొక ప్రమాణం విడిగా పెట్టుకున్నది అందుకే. మీ పాప నింపాదిగా చదివి, కథ తన మాటల్లో చెప్పగలుగుతుంటే టెన్షన్ పడకండి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, పదం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతుంటే మాత్రం పట్టించుకోవాలి.

అపోహ: 56 అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ అయ్యాకే పదాలు చదివించాలి

ఇది తాతల కాలం నుంచి వస్తున్న పద్ధతి. చాలా ఇళ్లలో, ట్యూషన్లలో ఇప్పటికీ ఇదే నడుస్తోంది. అ నుంచి ఱ వరకు ముందు దిద్దించడం, ఆ తర్వాత క-గుణింతం, ఖ-గుణింతం... పిల్లవాడికి ఏడాది గడిచినా ఒక్క పదం చదివిన సంతోషం ఉండదు.

లెక్క చూడండి. హల్లులు 36. ఒక్కోదానికి డజను పైన గుణింతపు రూపాలు. అంటే ఒత్తులు మొదలుపెట్టక ముందే నాలుగు వందలు దాటుతాయి. ఇవన్నీ పూర్తయ్యేదాకా ఆగితే చదవడం ఎప్పుడు మొదలుపెడతాం? కన్నడ పిల్లలపై పరిశోధకురాలు సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. మన లిపిలాంటి లిపుల్లో అక్షరరూపాల మీద పట్టు రావడానికి నాలుగో తరగతి వరకు, ఆ తర్వాత కూడా పడుతుందని అందులో తేలింది. క్లాసులో మాకు కనిపించేదీ అదే. కాబట్టి ఒకటో తరగతి పిల్లవాడికి 'క్ష' రాలేదని బెంగపడాల్సిన పని లేదు.

నేను ప, ల, క, త, డ, వ... ఈ ఆరింటితో మొదలుపెడతాను. ఇవి వస్తే పలక, తల, వల, వడ, పడవ, కడవ, తడక వచ్చేసినట్టే. దీర్ఘం ఒక్కటి కలిపితే తాత, పాప, పాక, పాత. రెండో వారానికల్లా "తాత పాత పడవ" అని బోర్డు మీద రాస్తే చదివేస్తారు. ఖ, ఛ, ఝ, ఠ లాంటివి పదాల్లో తగిలినప్పుడు చూసుకోవచ్చు. వర్ణమాల వరసగా రానక్కర్లేదా అంటే కావాలి, నిఘంటువు చూడటానికి కావాలి. దానికి తొందరేం లేదు.

ఒత్తుల దగ్గర మాత్రం నిదానం అవసరం. గ, చ, ద లాంటి వాటికి అక్షరం తలకట్టు తీసేస్తే దాదాపు అదే ఒత్తు. తలకట్టే లేని 'జ'కు దాదాపు ఆ అక్షరమే ఒత్తు. త, న, మ, య, ర, ల లాంటి వాటికి ఒత్తు రూపమే వేరు. ఈ రెండు గుంపుల్నీ కలగాపులగం చేసి ఒకే వారంలో చెబితే 'గద్ద' చదివిన పిల్లవాడే 'అన్న' దగ్గర ఆగిపోతాడు. ముందు బొగ్గు, గద్ద, గజ్జె. ఆ తర్వాత అమ్మ, అన్న, అత్త, అయ్య.

అపోహ: తప్పు రాస్తే పదిసార్లు రాయించాలి

పదిసార్లు రాసే పిల్లవాణ్ణి ఒకసారి పక్కన కూర్చుని గమనించండి. మొదటిసారి పదం మొత్తం రాస్తాడు. మూడోసారికి నిలువునా దిగుతాడు. పైనుంచి కిందికి అన్నీ 'బ'లు, ఆ పక్కన అన్నీ 'జా'లు, ఆ తర్వాత 'రు'లు. చేయి నొప్పి పుడుతుంది. బుర్రలోకి మాత్రం 'బజారు' వెళ్లదు.

తప్పును చదవడం నేర్చుకోవాలి మనం. రెండో తరగతి పిల్ల సొంతంగా రాసిన వాక్యం ఇది: "అమ్మ బజరుకు వెలింది." పేజీకి అడ్డంగా ఎర్రగీత కొట్టేయొచ్చు. కానీ ఇందులో ఏముందో చూడండి. వాక్యం పూర్తిగా ఉంది. ఎవరు, ఎక్కడికి, ఏం చేశారు అన్నీ చెప్పింది. 'కు' సరిగ్గా పెట్టింది. 'మ' ఒత్తు వచ్చింది. రానివి రెండే: దీర్ఘం వినిపించినా రాయలేదు, 'ళ్ల' ఇంకా రాలేదు. అంటే రేపు ఈ పిల్లకు చెప్పాల్సింది కల-కాల, పలు-పాలు లాంటి జంటలు. పాఠం మొత్తం మళ్లీ రాయించడం కాదు.

ఇంకో చిన్న సంగతి. 'మ', 'వు' దగ్గర చాలామంది తడబడతారు. 'వ'కు కొమ్మును మిగతా అక్షరాలకు పెట్టినట్టే పక్కన పెడితే అది 'మ' అయి కూర్చుంటుంది. 'ఆవు' రాయమంటే 'ఆమ' వచ్చేది అందుకే. కొమ్ము ఎక్కడ పెట్టాలో ఒక్కసారి చూపిస్తే చాలు.

సొంతంగా రాసే అవకాశం మన బడుల్లో తక్కువ. బోర్డు మీద ప్రశ్న, జవాబు, అది నోట్సులోకి. నోట్సు అంత నీట్‌గా ఉండేది అందుకే, అందులో పిల్లవాడిది ఏమీ ఉండదు కనుక. రోజుకు రెండు వాక్యాలు, నిన్న ఇంట్లో ఏం జరిగిందో తప్పులతోనే రాయనివ్వండి.

అపోహ: తప్పు చదవగానే ఆపి సరిదిద్దాలి

పుస్తకంలో "రాజు ఊరికి వెళ్లాడు" అని ఉంది. ఒక పిల్లవాడు "రాజు ఊరికి పోయిండు" అని చదివాడు. ఇంకొకడు "రాజు ఊరికి వల్లడు" అని చదివాడు. ఎవరిది పెద్ద తప్పు?

మొదటివాడు అర్థం చేసుకుని, ఇంట్లో మాట్లాడే తీరులో చెప్పాడు. వాడిని ఆపాల్సిన పనే లేదు. కథ అయ్యాక "ఇక్కడ ఎలా రాశారో చూడు" అంటే సరిపోతుంది. రెండోవాడు అక్షరాలను పలికాడు గానీ, తన నోటి నుంచి వచ్చిన మాటకు అర్థం లేదని గమనించలేదు. సాయం కావాల్సింది వాడికి. అప్పుడు కూడా వెంటనే జవాబు చెప్పేయకండి. మూడు, నాలుగు సెకన్లు ఆగండి. "వల్లడు అంటే ఏంటి? అట్లా అంటామా?" అని అడగండి. చాలాసార్లు వాళ్లే వెనక్కి వెళ్లి సరిచేసుకుంటారు.

యాసను చూసి నవ్వడం అన్నిటికంటే చెడ్డది. శ్రీకాకుళం పిల్లలైనా, ఆదిలాబాద్ పిల్లలైనా, అనంతపురం పిల్లలైనా బడికి వచ్చేటప్పటికే వేల మాటలు తెలిసి వస్తారు. ఆ మాటల మీదే చదువు నిలబడాలి. క్లాసులో ఒకసారి నవ్వించుకున్న పిల్లవాడు ఆ తర్వాత పైకి చదవడమే మానేస్తాడు.

అపోహ: తెలుగు ఎలాగూ వచ్చేస్తుంది, ఇంగ్లీషు మీదే దృష్టి పెట్టండి

మాట్లాడటం ఎలాగూ వస్తుంది. చదవడం అలా రాదు, నేర్పితేనే వస్తుంది. రాతలో గుర్తులుంటాయని, వాటికి ధ్వని ఉంటుందని, అవి కలిస్తే అర్థం వస్తుందని పిల్లలు ఒక్కసారే కనిపెడతారు. అది తెలిసిన భాషలో కనిపెట్టడం సులువు. 'కడవ' కూడబలుక్కున్న పిల్లవాడికి ఆఖర్న కడవ కళ్ల ముందు కనిపిస్తుంది. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లవాడు 'బకెట్' లాంటి తెలిసిన మాట చదివినంత మాత్రాన 'థాట్' (ఆలోచన), 'త్రూ' (గుండా) లాంటి మాటల్ని పలికి అర్థం చేసుకోలేడు. తెలుగులో ధారాళంగా చదివే పిల్లలు ఇంగ్లీషు చదవడం త్వరగా అందుకోవడం నేను క్లాసులో చూస్తూనే ఉన్నాను.

ఇంగ్లీషు వద్దని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడులకు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాయి. చాలా ఇళ్లలో తెలుగు పేజీని తిరగేయనే తిరగేయరు. ముందు తెలుగు పేజీ చదివించి, విషయం మాట్లాడి, అప్పుడు ఇంగ్లీషు పేజీకి వెళ్లండి. మంచి వసతి అది, వాడుకోవాలి.

తెలుగు కూడా ఇంటిభాష కాని పిల్లలున్నారు. సవర, కోయ, గోండి, కొలామి, కువి మాట్లాడే ఇళ్ల పిల్లలకు తెలుగే రెండో భాష. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది దీన్ని గుర్తించే. ఆ పిల్లలకు ఒకటో తరగతిలో తెలుగు అక్షరాలు రాకపోతే మొద్దు అని ముద్ర వేయకండి. ముందు వాళ్ల భాషలో మాట్లాడనివ్వాలి.

అపోహ: మాకే చదువు రాదు, ఇంట్లో మేమేం చెప్పగలం?

ఈ మాట చెప్పేటప్పుడు తల్లులు తలదించుకుంటారు. అక్కర్లేదమ్మా. చదువు రాకపోయినా మీరు చూడగలిగేది ఒకటుంది. పాప చదివేటప్పుడు వేలు, మాట కలిసి నడుస్తున్నాయా చూడండి. వేలు రెండో లైన్లో ఉండగా నోరు నాలుగో లైన్‌కు వెళ్లిపోతే అది బట్టీ. దీనికి అక్షరం రావాల్సిన అవసరం లేదు.

రెండోది, కథ అయ్యాక అడగండి: ఏం జరిగింది? ఆ తర్వాత? నువ్వైతే ఏం చేసేదానివి? మూడోది, మాట్లాడండి. పొలం పనుల్లో వాడే మాటలు, వంటింటి మాటలు, చుట్టరికాలు, సామెతలు, పొడుపుకథలు. పిల్లలకు ఎన్ని మాటలు తెలిస్తే చదివేటప్పుడు అంత అర్థమవుతుంది. నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్లలు కథ చెప్పమంటే ఆగరు, అది మాకు క్లాసులో తెలిసిపోతుంది.

చదవడానికి ఇంట్లో ఏమీ లేదంటారు. పెళ్లి శుభలేఖ ఉంటుంది, గోడ మీద క్యాలెండర్ ఉంటుంది, రేషన్ షాపు బోర్డు, బస్సు బోర్డు ఉంటాయి. బస్సొస్తుంటే "ఎక్కడిదో చూడు" అని పిల్లల్ని అడిగేవాళ్లు ఎంతమంది?

అపోహ: వయసు వస్తే అదే వస్తుంది

రాదు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూసే అసర్ సర్వేవాళ్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి ఒక్కో పిల్లవాడి చేత విడిగా చదివిస్తారు. 2024 నివేదిక ప్రకారం దేశంలోని ప్రభుత్వ బడుల్లో 3వ తరగతి పిల్లల్లో 23.4 శాతం మందే 2వ తరగతి పాఠం చదవగలిగారు. 5వ తరగతికి వచ్చినా, ప్రైవేటు బడులు కలిపి చూసినా ఆ సంఖ్య సగానికి కాస్త తక్కువే. వయసు వాళ్లందరికీ వచ్చింది. వెనకబడినవాళ్లను తరగతిని బట్టి కాకుండా, అక్షరాలు వచ్చినవాళ్లు, పదాలు వచ్చినవాళ్లు, వాక్యాలు చదివేవాళ్లు అని స్థాయిని బట్టి కూర్చోబెట్టి రోజుకో గంట చెబితే కదలిక వస్తుంది. తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశం కూడా ఈ పునాది చదువే.

ఫోన్ గురించి అడుగుతారు కనుక ఒక మాట. వీడియో చూడటం చదవడం కాదు. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. పక్కన పెద్దవాళ్లు కూర్చుంటే ఫోన్ పనికొస్తుంది, పిల్ల చేతికిచ్చి వంట చేసుకుంటే కార్టూన్‌లోకి వెళ్లిపోతుంది.

అపోహ: పుస్తకాలు ఇస్తే చింపేస్తారు

ఇది మా టీచర్లకు, హెచ్ఎంలకు ఉన్న అపోహ. బడుల కోసం ప్రభుత్వం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ప్రైమరీ స్కూళ్లకు ఏటా 5,000 రూపాయల వరకు లైబ్రరీ గ్రాంటు ఉంటుంది. బొమ్మల కథల పుస్తకాలు వస్తాయి. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతాయి. ఆ తర్వాత బీరువాలోకి వెళతాయి. ఆడిట్‌లో లెక్క తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవాలన్న భయం, అర్థం చేసుకోగలను.

మా గదిలో తీగ కట్టి క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీశాం. ఇంటికి ఇచ్చే లెక్క నాలుగో తరగతి పిల్లలే రాస్తారు: పేరు, పుస్తకం, తేదీ. చిరిగిన పేజీలకు వాళ్లే టేపు వేస్తారు. కొన్ని నలిగాయి, ఒకటి రెండు తిరిగి రాలేదు. తల్లిదండ్రులుగా మీరు ఈసారి మీటింగ్‌కు వెళ్లినప్పుడు నోట్సు పక్కన పెట్టి, ఈ నెలలో మా పిల్లవాడు ఏ కథల పుస్తకం ఇంటికి తెచ్చాడని అడగండి. బీరువా తాళం ఎక్కడుందో వెతకడం అప్పుడే మొదలవుతుంది.