కొవ్వు నీళ్లలో కొట్టుకుపోదు

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఈమధ్య చాలా బల్లల మీద 2 లీటర్ల సీసా ఒకటి కనిపిస్తోంది. దాని పక్కన గంటగంటకీ గీతలుంటాయి. పదింటికల్లా ఇంత తాగాలి, పన్నెండింటికల్లా ఇంత. ఇంట్లో పెద్దవాళ్లు పరగడుపున చెంబెడు నీళ్లు తాగమంటారు. జిమ్‌లో కోచ్ రోజుకు 4 లీటర్లు తాగితే కొవ్వు కరుగుతుందంటాడు. నీళ్లకూ బరువుకూ సంబంధం ఉన్నమాట నిజమే. ఆ సంబంధం పళ్లెంలో ఎంత వడ్డించుకుంటాం, దాహానికి ఏం తాగుతాం అన్న దగ్గర ఉంది. అది తెలియక చాలామంది లీటర్లు లెక్కపెట్టి తాగుతారు, సాయంత్రం చాయ్‌లూ కూల్‌డ్రింకులూ మాత్రం మానరు. నెల తిరిగినా తూకం ముల్లు కదలకపోతే, తప్పు నీళ్ల మీద తోసేస్తారు.

ముందు కొవ్వు ఒంట్లోంచి ఎటు పోతుందో చూద్దాం. మూత్రంలో, చెమటలో పోతుందని చాలామంది అనుకుంటారు. ఆస్ట్రేలియాకు చెందిన రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ లెక్క వేసి చూపించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా (కార్బన్ డయాక్సైడ్) మారి ఊపిరిలో బయటికి పోతుంది. మిగిలిన 1.6 కిలోలు నీరుగా మారి మూత్రం, చెమట, ఆవిరి రూపంలో పోతుంది. ఆ 10 కిలోలూ మండడానికి 29 కిలోల ఆక్సిజన్ పీల్చుకోవాలి. శరీరానికి ఇంధనం కావలసి వచ్చినప్పుడే ఇది జరుగుతుంది. తిన్నదానికన్నా ఖర్చు ఎక్కువైతే కొవ్వు మండుతుంది, లేకపోతే ఎన్ని లీటర్లు పోసినా ఉన్నచోటే ఉంటుంది. ఎక్కువైన నీళ్లను మూత్రపిండాలు గంటా రెండు గంటల్లో బయటికి పంపేస్తాయి. వాటివెంట కొవ్వు రాదు.

మరి చల్లటి నీళ్లు తాగితే వాటిని వేడి చేయడానికి శరీరం కేలరీలు ఖర్చుపెడుతుంది కదా? పెడుతుంది. ఎంతో చూడండి. ఫ్రిజ్‌లో 7 డిగ్రీల దగ్గరున్న నీళ్లు ఒంట్లో 37 డిగ్రీలకు రావాలి. 2 లీటర్లు ఆ 30 డిగ్రీలు వేడెక్కడానికి పట్టేది 60 కేలరీలు. ఇంచుమించు ఒక ఇడ్లీ. పైగా హైదరాబాద్ మే నెలలో శరీరం వేడిని పోగొట్టుకోవడానికే తంటాలు పడుతుంటుంది. అప్పుడు చల్లటి నీళ్లు తాగితే ఆ మేరకు చెమట తగ్గుతుందేగానీ కొత్తగా ఇంధనం మండించాల్సిన పని ఉండదు. 2003లో బెర్లిన్ పరిశోధకులు అర లీటరు నీళ్లు తాగాక శరీరం ఖర్చుచేసే శక్తి 30 శాతం పెరిగిందని రాశారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. 2006లో స్విట్జర్లాండ్‌లో మళ్లీ కొలిస్తే మామూలు నీళ్లతో పెరుగుదల కనిపించలేదు. 3 డిగ్రీల నీళ్లతో కూడా 5 శాతం లోపే వచ్చింది. మొదటి పరిశోధననే నిజమనుకున్నా, అర లీటరుకు వచ్చే లాభం 24 కేలరీలు దాటదు. దీనికోసం గొంతు పట్టేలా ఐసు నీళ్లు తాగనక్కర్లేదు.

నీళ్లు పనిచేసే మొదటి చోటు భోజనానికి ముందు. అమెరికాలోని వర్జీనియా టెక్‌లో 55 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 48 మందిని రెండు జట్లు చేశారు. అందరికీ తక్కువ కేలరీల తిండే పెట్టారు. ఒక జట్టు మాత్రం మూడు పూటలా తినేముందు అర లీటరు చొప్పున నీళ్లు తాగింది. 12 వారాలకు ఆ జట్టు రెండో జట్టుకన్నా సుమారు 2 కిలోలు ఎక్కువ తగ్గింది. 2015లో ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 84 మంది స్థూలకాయులతో ఇలాంటి ప్రయత్నమే చేస్తే తేడా 1.3 కిలోలు వచ్చింది. మూడు నెలలకు కిలో, రెండు కిలోలు. అద్భుతమేమీ కాదుగానీ, పైసా ఖర్చులేని పనికి ఇది తక్కువ ఫలితం కాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఉత్త నీళ్లు కడుపులో ఎక్కువసేపు నిలవవు. తాగినదాంట్లో సగం పావుగంట, ఇరవై నిమిషాల్లో చిన్నపేగులోకి జారిపోతుంది. వయసు పైబడినవాళ్లలో ఈ ప్రయాణం కాస్త నెమ్మది. అందుకే అరగంట ముందు తాగినా వాళ్లకు కడుపు నిండుగా అనిపిస్తుంది. కుర్రవాళ్లతో చేసిన పరీక్షల్లో అరగంట ముందు తాగిన నీళ్లు తిండిని తగ్గించలేదు. కాబట్టి యాభై దాటినవాళ్లు అరగంట ముందు, వయసులో ఉన్నవాళ్లు పళ్లెం ముందు కూర్చోవడానికి ఐదు, పది నిమిషాల ముందు తాగడం మేలు. ఒక్క గుక్కలో పోసుకోకుండా ఐదు నిమిషాల్లో నింపాదిగా తాగాలి. గుండెల్లో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లకు అర లీటరు బరువుగా ఉంటుంది, 250 మిల్లీలీటర్లు చాలు. భోజనం మధ్యలో నీళ్లు తాగితే జీర్ణరసాలు పలచబడి తిన్నది అరగదన్న భయం అక్కర్లేదు. కడుపు తనకు కావలసినంత ఆమ్లాన్ని మళ్లీ ఊరించుకుంటుంది.

చాలామందికి ఇది పనిచేయకపోవడానికి కారణం పళ్లెంలో ఉంటుంది. నీళ్లు తాగితే ఆకలి కొంచెం మందగిస్తుంది, అంతే. అలవాటుగా పళ్లెం నిండా వడ్డించుకుని, అన్నం పారేయకూడదని చివరి మెతుకుదాకా తినేవాళ్లకు ఆ మందగింపు ఎందుకూ కొరగాదు. నీళ్లు తాగాకే వడ్డించుకోవాలి. మొదటిసారి ఒక గరిటె తక్కువ పెట్టుకోవాలి. మారు వడ్డనకు ముందు ఒక నిమిషం ఆగి, ఆకలి ఇంకా ఉందో లేదో చూసుకోవాలి.

కొలత సంగతి కూడా చెప్పుకోవాలి. "రోజుకు ఎనిమిది గ్లాసులు" అనడం తేలిక, గ్లాసు ఎంతన్నదే ప్రశ్న. ఇళ్లలో స్టీలు గ్లాసులు కొన్ని 150 మిల్లీలీటర్లు పడతాయి, కొన్ని 300. లీటరు సీసా నిండా నీళ్లు పట్టి, మీరు రోజూ తాగే గ్లాసులోకి వంచి చూడండి. నాలుగు గ్లాసులు నిండితే ఒక్కోటి 250, ఐదు నిండితే 200. ఎనిమిది చిన్న గ్లాసులకూ ఎనిమిది పెద్ద గ్లాసులకూ మధ్య లీటరు పైనే తేడా వస్తుంది.

ఆ ఎనిమిది గ్లాసుల మాట వెనక 1945 నాటి ఒక అమెరికన్ సిఫారసు ఉందంటారు. రోజుకు రెండున్నర లీటర్లు కావాలని చెబుతూ, అందులో ఎక్కువ భాగం తిండిలోనే ఉంటుందని కూడా దాంట్లో రాశారు. ఆ రెండో వాక్యం జనం మరిచిపోయారు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులకు రోజుకు సుమారు 2 లీటర్లు తాగమంటోంది. ఏసీలో కూర్చుని పనిచేసేవాళ్లకు అది సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండలో బండి మీద తిరిగే డెలివరీ కుర్రాడికీ, చౌరస్తాలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కూ ఇంకో లీటరో రెండో కావాలి, చెమటతో పోయిన ఉప్పు కోసం ఉప్పేసిన మజ్జిగ కూడా. చాయ్, కాఫీలు కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయి. వాటివల్ల మూత్రం కాస్త పెరిగినా, తాగినదంతా పోదు. అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు మూత్రం రంగు. ఎండుగడ్డి రంగులో లేతగా ఉంటే సరిపడా తాగుతున్నట్టే. తేనె రంగులో ఉంటే చాలడం లేదు. బి కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవాళ్లకు ముదురు పసుపు వస్తుంది, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

ఇక చాయ్ దగ్గరికి వద్దాం. తీపి చాయ్, కూల్‌డ్రింకుల బదులు తాగడమే నీళ్లు బరువు తగ్గించే అసలు దారి, హైదరాబాద్‌లో మరీను. ఒక ఇరానీ చాయ్‌లో రెండు చెంచాల చక్కెర, అంటే 10 గ్రాములు పడిందనుకుందాం. అది 40 కేలరీలు. రోజుకు నాలుగు తాగితే 160, పాల సంగతి వేరే. మధ్యాహ్నం 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ తాగితే అందులో 30 గ్రాములకు పైగా చక్కెర, 125 కేలరీల దాకా ఉంటుంది. చెరకు రసం గ్లాసూ అంతే, పెద్ద గ్లాసైతే ఇంకాస్త ఎక్కువ. నాలుగు చాయ్‌లూ ఒక కూల్‌డ్రింకూ కలిపి చక్కెర ఒక్కటే 70 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 2000 కేలరీలు తినేవాళ్లకు రోజుకు 50 గ్రాములు, 25కు దించగలిగితే ఇంకా మంచిదంటుంది. ఆ చాయ్‌లలో రెండింటికి చక్కెర మానేసి, కూల్‌డ్రింక్ బదులు మంచినీళ్లు తాగితే రోజుకు 200 కేలరీలు మిగులుతాయి, నెలకు 6000. కిలో కొవ్వు కణజాలంలో ఉండేది సుమారు 7700. కాగితం మీది లెక్క ఒంట్లో అంత కచ్చితంగా దిగదు, బరువు తగ్గేకొద్దీ ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి. అయినా దిశ మాత్రం అదే.

తాగే చక్కెర మీద ఇంత పట్టుబట్టడానికి ఒక కారణముంది. 2000 సంవత్సరంలో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 15 మందికి నాలుగు వారాలు రోజుకు 450 కేలరీలు మిఠాయి బిళ్లలుగా, మరో నాలుగు వారాలు అన్నే కేలరీలు కూల్‌డ్రింక్‌గా ఇచ్చి చూశారు. మిఠాయి తిన్న రోజుల్లో వాళ్లు తమకు తెలియకుండానే మిగతా తిండి తగ్గించుకున్నారు. కూల్‌డ్రింక్ తాగిన రోజుల్లో తగ్గించలేదు, బరువు పెరిగారు. నమిలి తిన్నదాన్ని లెక్క వేసుకున్నట్టు తాగినదాన్ని శరీరం లెక్క వేసుకోదు. పొద్దున్నే గంటసేపు నడిచి, పార్కు గేటు దగ్గర చక్కెర కలిపిన బత్తాయి రసం తాగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. రసం తాగేకన్నా బత్తాయి వొలుచుకు తినడం మంచిది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనె సంగతి కూడా ఇంతే. పెద్ద చెంచా తేనెలో 60 కేలరీలుంటాయి, కొవ్వును కరిగించే గుణం మాత్రం లేదు. రాగి చెంబులో పెట్టినవైనా, ఆర్‌ఓ క్యాన్‌వైనా, రంజన్ కుండలోవైనా బరువు విషయంలో నీళ్లన్నీ ఒకటే.

నీళ్లు తాగేకన్నా తిండిలో కలిసి ఉంటే ఆకలి మీద పట్టు ఎక్కువ. 1999లో అమెరికాలో ఒక పరీక్షలో కోడిమాంసం, అన్నం కలిపిన వంటకాన్ని పక్కన నీళ్లతో ఒకరోజు, అన్నే నీళ్లు పోసి సూపులా కాచి మరోరోజు పెట్టారు. సూపు తాగినరోజు ఆ తర్వాతి భోజనంలో సుమారు 100 కేలరీలు తక్కువ తిన్నారు. తిండిలో కలిసిన నీళ్లు కడుపులోంచి నెమ్మదిగా దిగుతాయి. మన వంటలో దీనికి కొదవలేదు. భోజనం మొదట్లో ఒక గ్లాసు చారు, అన్నంలోకి సొరకాయ పులుసు, బీరకాయ కూర, చివర్లో పలచటి మజ్జిగ. అన్నం మానేసి చపాతీ తింటే సన్నబడతామన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే సరిచూసుకోవచ్చు. ఉడికిన అన్నంలో మూడింట రెండొంతులు నీళ్లే, 100 గ్రాములకు 130 కేలరీలు. చపాతీలో నీళ్లు తక్కువ, 100 గ్రాములకు ఇంచుమించు 300. రెండు చపాతీలు దాదాపు 180 గ్రాముల అన్నంతో సమానం.

తూకం యంత్రం నీళ్ల విషయంలో మనల్ని బాగా ఏమారుస్తుంది. తిండి తగ్గించిన మొదటి వారంలో 2 కిలోలు తగ్గితే, అందులో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో నిలవ ఉండే చక్కెర రూపమైన గ్లైకోజెన్ గ్రాముకు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చవగానే ఆ నీరూ పోతుంది. ఉప్పుతో దీనికి తలకిందులుగా జరుగుతుంది. శరీరం 9 గ్రాముల ఉప్పుకు లీటరు నీటిని తోడుగా ఉంచుకుంటుంది. ఆదివారం బిర్యానీ, ఆవకాయ, అప్పడాలు తిన్నాక సోమవారం అర కిలో పెరిగినట్టు చూపితే అది కొవ్వు కాదు, రెండు రోజుల్లో దిగిపోతుంది. ఆ అర కిలో చూసి భయపడి నీళ్లు తగ్గించడం పొరపాటు. ఎప్పుడూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు తూచుకోవాలి. రోజురోజు అంకె వదిలేసి వారం సగటు చూసుకోవాలి.

నీళ్లు తాగాలని తెలిసీ తాగలేనివాళ్లు ఈ నగరంలో లక్షల్లో ఉన్నారు. బజార్లలో అంగళ్లు నడిపే ఆడవాళ్లు, సేల్స్ అమ్మాయిలు, బడిపిల్లలు. శుభ్రమైన మరుగుదొడ్డి దగ్గర్లో లేక గొంతు కట్టేసుకుంటారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, తలనొప్పులు అక్కడినుంచే మొదలవుతాయి. వాళ్లకు నీళ్లు తాగమని చెప్పి ఊరుకోవడం అన్యాయం, తాళం వేయని మరుగుదొడ్డి చూపించాలి. అది దొరికేదాకా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ఒక్కసారిగా తాగిన నీళ్లు గంట దాటేసరికి మూత్రంగా వస్తాయి, రెండు గంటలకు చాలావరకు పోతాయి. ఆరింటికి లేచి అర లీటరు తాగితే ఎనిమిదింటికి బయల్దేరేలోపు ఆ పని ఇంట్లోనే అయిపోతుంది. ఆ తర్వాత గంటకు 100 మిల్లీలీటర్ల చొప్పున చప్పరిస్తే ఒత్తిడి అంతగా ఉండదు. రాత్రి పడుకునేముందు లోటంతా భర్తీ చేయాలని చూడకూడదు. రెండుసార్లు లేస్తే నిద్ర చెడుతుంది, నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి పెరుగుతుంది.

ఎక్కువ తాగడంలో ప్రమాదమూ ఉంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకానే బయటికి పంపగలవు. పందెం కట్టినట్టు గంటలో మూడు, నాలుగు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మతి తప్పడం, మూర్ఛ, చివరికి ప్రాణాపాయం. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన పరుగుదారుల్లో 13 శాతం మందికి సోడియం తక్కువగా తేలింది. వాళ్లలో చాలామంది దారిపొడవునా అతిగా తాగినవాళ్లే.

గుండె బలహీనపడినవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, కాలేయం చెడి పొట్టలో నీరు చేరేవాళ్లు ఇక్కడి లీటర్ల లెక్క పాటించకూడదు. వాళ్లకు రోజుకు ఎంత అన్నది డాక్టరు చెబుతారు, అందులో చారు, మజ్జిగ, పండ్లు కూడా కలుస్తాయి. గుండె జబ్బు ఉన్నవాళ్ల ఇంట్లో తూకం యంత్రం వేరే పనికి ఉండాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే, పాదాలు వాచినా వాయకపోయినా, అది ఒంట్లో చేరుతున్న నీరు కావచ్చు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి.